చంద్రభాగ జిమ్మేదారి

బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో చిన్నపిల్లల బాలవాడి కప్పుకు చిల్లులు పడ్డాయి. వానలు పడకముందే గల్లీవాళ్లంతా కలిసి ఆదివారం శ్రమదానం చేసి రేకులు మార్చాలనుకున్నారు. పెద్దరికం సిద్ధరాములుది.

మీటింగులో బీడీలు చుడుతూనే సుందరాబాయి అడిగింది.

"మొన్న మోరీ తీసేటప్పుడు సాయిలు కాలుకు మొల దిగింది. దవాఖానకు ఎవరన్న తీస్కపోయిండ్రా? వాళ్లు తీస్కపోతరని వీళ్లు, వీళ్లు తీస్కపోతరని వాళ్లు. పాపం, కుంటుకుంట ఒక్కడే పోయిండు. ఈసారి ఎవరికీ దెబ్బ తగలకుంట చూసే జిమ్మేదారి ఎవరిది?"

"ఎవరి పానం వాళ్లు చూసుకోవాలె" అన్నాడు సిద్ధరాములు.

"అంటే ఎవ్వరిది కాదన్నట్టు" అంది చంద్రభాగ.

అంత మాట అన్నందుకు ఆ జిమ్మేదారి ఆమెకే అంటగట్టారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆమె భర్త దత్తాత్రి. పవర్‌లూమ్ నడిపే మనిషి. ఇంట్లోనే ఆమె మాట వినడు, ఇక బయట వింటాడా?

ఆదివారం చంద్రభాగ వచ్చేసరికే అతను రేకుల మీద ఉన్నాడు. ఆమె నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే నొక్కి చూసింది. నడిమి మెట్టు కిర్రుమంది.

"ఈ నిచ్చెన తీసి పండవెట్టుండ్రి."

"ఏయ్! నేనెట్ల దిగాలె?" పైనుంచి దత్తాత్రి అరిచాడు.

"ఇంకోటి వచ్చినంక."

"ఎక్కినప్పుడు ఏం కాలేదు గద!"

"ఎక్కేటప్పుడు నన్ను అడిగినవా?"

కింద అందరూ నవ్వారు. దత్తాత్రి సిద్ధరాములును బతిమాలాడు. "కాకా, జర నువ్వన్న చెప్పు!"

"నా చేతిల లేదు బేటా" అని ఆయన తప్పుకున్నాడు.

దత్తాత్రి తిట్లు అందుకున్నాడు. చంద్రభాగ పండబెట్టిన నిచ్చెన నడిమి మెట్టును కాలితో తొక్కింది. అది పటుక్కున విరిగింది.

దత్తాత్రి పైనుంచి తొంగి చూశాడు.

కాసేపటికి మెత్తటి గొంతు వినిపించింది. "రేకులు కాలుతున్నయే. జర నీళ్లు పంపు."

మేకులు పైకి లాగే తాడుకు చంద్రభాగ నీళ్ల సీసా, దాంతోపాటు సుందరాబాయి పూల గొడుగు కట్టి పంపింది. సిద్ధరాములు కొంతం చౌక్ దాకా పోయి నిచ్చెన తెచ్చేవరకు దత్తాత్రి ఆ గొడుగు కిందే కూర్చున్నాడు. దారిన పోయేవాళ్లు ఫోటోలు తీసుకున్నారు.

కొత్త నిచ్చెనను చంద్రభాగే పట్టుకుంది. దిగాక దత్తాత్రి మెల్లగా అన్నాడు.

"ఆ ఇరిగిన మెట్టు మీదికెల్లే ఎక్కిన."

"తెలుసు. అందుకే ఈ నిచ్చెనను నేనే పట్టుకున్న."

అతను మళ్లీ ఎక్కేటప్పుడు, "ఎక్కాల్నా?" అని అడిగాడు.

సాయంత్రానికి కప్పు పూర్తయింది. ఎవరికీ గీత కూడా పడలేదు. చాయ్ తాగుతుంటే పక్క గల్లీ పద్మ వచ్చింది.

"అన్నా, మా దిక్కు గోడలకు రంగులేస్తున్నం. జిమ్మేదారికి వదినను పంపుతవా?"

"సంతోషంగ తోల్కపో" అన్నాడు దత్తాత్రి. "నన్ను మాత్రం పిలువకు."

"ఎట్ల కుదురుతది?" అంది చంద్రభాగ. "నిచ్చెన పట్టుకునేటందుకు మనిషి గావాలె."