పట్టింది, పడలేదు

బావగారు ఏదైనా వస్తువు మూత విప్పుతున్నారంటే ఇంట్లోవాళ్ళు కుర్చీలు తెచ్చుకోవలసిందే. ఆయన చెయ్యి వేశాక వస్తువు బాగుపడుతుందో లేదో గానీ చూసేవాళ్ళ కాలక్షేపానికి మాత్రం లోటుండదు. ఆయన బాగుచేసిన మిక్సీ మూడో స్పీడులో తప్ప తిరగనని భీష్మించుకుంది. ఆయన బాగుచేసిన కాలింగ్ బెల్ గుమ్మంలో ఎవరూ లేకపోయినా మోగడం నేర్చుకుంది. అయినా ఇంటి ఇంజనీరు పదవి ఆయనదే. ఆ పదవికి ఎన్నికలు లేవు మరి.

ఆ ఆదివారం పొద్దున్న ఆయన ముందు పొట్ట తెరుచుకుని పడుకున్నది చిన్నకోడలి కంప్యూటరు.

చిన్నకోడలంటే ఆయన తమ్ముడి భార్య. ఇంట్లో ఆమెకి ఆ పిలుపే ఖాయమైపోయింది. డిగ్రీలో ఫిజిక్సు చదివిందన్న సంగతి పెళ్ళి మాటలప్పుడు ఒకసారి పనికొచ్చి, ఆ తర్వాత అటకెక్కింది. ఓ పాఠ్యపుస్తకాల సంస్థకి ఇంట్లో కూర్చునే ప్రూఫులు దిద్దుతూ, ఆ సంపాదనతో, ఏ బోర్డు కొనాలో ఏ మెమరీ కొనాలో తనే చదివి తెలుసుకుని ముక్కా ముక్కా కూడబెట్టి చేసుకున్న కంప్యూటరది. ఆఖరి స్క్రూ బిగించింది బావగారు కాబట్టి ‘పెద్దవాడు తయారుచేసిన కంప్యూటరు’ అని అత్తగారు చుట్టాలకి చూపిస్తూ ఉంటారు.

ఇన్నాళ్ళకి ఆ సంస్థవాళ్ళు ఆమెకో మెట్టు ఎక్కే దారి చూపించారు. బొమ్మలతో సహా పేజీలు కూర్చే పని. నమూనాగా రక్తప్రసరణ పాఠం కూర్చి సోమవారం సాయంత్రంలోగా పంపాలి. నచ్చితే సైన్సు పుస్తకాలన్నీ ఆమె చేతికొస్తాయి, అట్ట లోపల పేరు కూడా వేస్తారు. ఆలస్యమైతే పని ఇంకొకరికి పోతుంది, ఆమెకి మళ్ళీ కామాలూ ఫుల్‌స్టాపులే గతి. చిక్కల్లా ఏమిటంటే, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేరు పాత ఆపరేటింగ్ సిస్టం మీద నడవదు. కొత్తది ఎక్కించుకోవాలి.

“నేనున్నానుగా!” అన్నారు బావగారు. శనివారమే ‘ముందు దుమ్ము దులపాలమ్మా’ అని పెట్టెని పై అంతస్తులోని తమ వాటాకి మోసుకెళ్ళి, చీకటి పడ్డాక తెచ్చి అప్పగించారు. ఆదివారం పొద్దున్న ఎక్కించడం మొదలుపెట్టారు. సగందాకా బుద్ధిగా వెళ్ళడం, నీలం తెర పడటం, మళ్ళీ మొదటికి రావడం. ఇదే వరస.

“ఇది సిస్టం తప్పు. కొత్తవన్నీ ఇంతే. పాతవాటి గట్టిదనం వీటికేదీ?”

“మనుషుల్లాగే,” అన్నారు అత్తగారు, ప్రత్యేకంగా ఎవరినీ అననట్టు చిన్నకోడలి వైపే చూస్తూ.

“బావగారూ, నీలం తెరమీద మెమరీ అని వస్తోంది చూడండి. బోర్డుకీ మెమరీకీ పడట్లేదేమో,” అంది చిన్నకోడలు.

“పడకపోవడమేంటమ్మా? నిన్న నేనే పెట్టాను కదా. టక్కుమని పట్టింది. అటూ ఇటూ క్లిప్పులు కూడా పడ్డాయి.”

“పట్టడం వేరు, పడటం వేరు కదండీ.”

భర్త నవ్వేశాడు. “వ్యాకరణం తర్వాత చెబుదువుగాని. ముందు అన్నయ్యని పని చేసుకోనీ.”

“కొత్తలో ఇలాగే మొరాయిస్తుందిలే. సర్దుకుపోతుంది,” అన్నారు బావగారు.

ఈ మాట ఆమె విన్నదే. ఈ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో, పక్కగదిలో ఇదే గొంతు, ఆమె గురించే అంది. అప్పుడామె సర్దుకుపోయింది. కంప్యూటరుకి అంత మంచి పెంపకం లేదు. మళ్ళీ నీలం తెర వేసింది.

భోజనాల వేళకి బావగారు తీర్పు చెప్పేశారు. “బోర్డు ముసలిదైపోయింది. దీనితో ఇక ఇంతే. వాళ్ళకి వీలుపడదని చెప్పెయ్యమ్మా.”

“వచ్చే ఏడు చూద్దాంలే,” అన్నాడు భర్త, అదేదో తనకి రావలసిన పని అయినట్టు ఉదారంగా.

అందరూ కునుకు తియ్యడానికి వెళ్ళారు. చిన్నకోడలు మాత్రం ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. ‘నిన్న నేనే పెట్టాను కదా.’ దుమ్ము దులపడానికి వెళ్ళిన మనిషి మెమరీ ఎందుకు పెట్టవలసి వచ్చింది?

గది తలుపు దగ్గరగా వేసి, ప్లగ్గు తీసేసి, ఒంట్లోని స్థిరవిద్యుత్తు పోయేలా కిటికీ ఊచని ఒకసారి ముట్టుకుని, మూత విప్పింది. పొద్దుటినుంచి ఆ పెట్టెకి అడ్డంగా బావగారి వీపే కనబడింది గానీ లోపలిది కనబడలేదు. ఇప్పుడు కనబడింది. ఆమె కొన్నవి రెండు మెమరీ ముక్కలు. ఒకే పెట్టెలో వచ్చిన కవలలు, రెండింటికీ నల్లటి తొడుగు. ఇప్పుడందులో ఒకటే నల్లది. రెండోది ఒంటిమీద గుడ్డైనా లేకుండా ఆకుపచ్చగా, ఎవరింట్లోనో ఉండిపోవడానికి వచ్చిన చుట్టంలా దర్జాగా కూర్చుంది.

అయినా ఊరికే నింద వెయ్యకూడదనుకుంది. కాపురంలో తగువెవరిదో తేలాలంటే ఇద్దర్నీ విడదీసి వేరువేరుగా అడగాలి. పచ్చదాన్ని ఒక్కదాన్నే పెట్టి చూసింది. బోర్డు బీప్ బీప్‌మని శోకాలు పెట్టింది, తెర నల్లగానే ఉంది. పక్క స్లాటులోకి మార్చింది. ఈసారి లేచింది గానీ, మెమరీని పరీక్షించే ప్రోగ్రాం నడిపితే తెరనిండా ఎర్ర గీతలు. నల్లదాన్ని ఒక్కదాన్నే పెట్టింది. ఒక్క తప్పు లేదు. బోర్డు ముసలిదీ కాదు, సిస్టం చెడ్డదీ కాదు.

ఆ ఒక్క నల్ల ముక్కతోనే కొత్త సిస్టం కిమ్మనకుండా ఎక్కేసింది. ఆమె ఊపిరి పీల్చుకుని పాఠం తెరిచింది. అక్షరాలు వచ్చాయి. గుండె బొమ్మ సగం గీసేసరికి మెమరీ చాలక సాఫ్ట్‌వేరు కూలబడింది. మళ్ళీ తెరిచింది, మళ్ళీ కూలబడింది. రెండో కవల లేనిదే పని జరగదు.

భర్త నిద్రలేచి ఒళ్ళు విరుచుకుంటుంటే పచ్చముక్కని అరచేతిలో పెట్టి చూపించింది. “ఇది నాది కాదు.”

“ఓ, అదా!” అన్నాడతను. “అన్నయ్య తన కంప్యూటరుకి కొత్తది కొన్నాడులే. వాళ్ళ బోర్డుకి అది ఎక్కలేదట. నీదైతే కుదిరిందట. మార్చుకుంటానంటే సరేనన్నాను. ఊరికే తీసుకోలేదుగా, ముక్కకి ముక్క ఇచ్చాడు.”

“పొద్దుటినుంచీ నీలం తెర చూస్తూ కూర్చున్నారు. అప్పుడైనా చెప్పాలనిపించలేదా?”

“మెమరీ ఏదైనా మెమరీయే అన్నాడు అన్నయ్య.”

“పోనీ, మార్చేముందు నన్నడగాలనైనా అనిపించలేదా?”

“అడిగితే నువ్వు వద్దంటావుగా.”

ఎంత సూటిగా, ఎంత అమాయకంగా అన్నాడంటే, ఆమెకి వెంటనే కోపం కూడా రాలేదు. కాసేపటికి వచ్చింది. దాన్ని వెంటబెట్టుకునే మేడ ఎక్కింది.

పైన బావగారు కంప్యూటర్లో పేకాట ఆడుతున్నారు. తోడికోడలు దుప్పట్లు మడతపెడుతోంది.

“నా మెమరీ ముక్క తీసుకెళ్దామని వచ్చాను బావగారూ.”

ఆయన తెర మీంచి కళ్ళు తిప్పలేదు. “నీదీ నాదీ ఏముందమ్మా, ఒకింటివాళ్ళం.”

“ఏమీ లేకపోతే మీది మీ దాంట్లోనే ఉండేది కదండీ.”

తోడికోడలి చేతుల్లో దుప్పటి సగం మడతలో ఆగిపోయింది. బావగారు కుర్చీతో సహా ఇటు తిరిగారు. “అంటే? నేను దొంగతనం చేశాననా?”

“ఆ మాట నేననలేదు.”

“అనకుండానే అన్నావు!”

ఆ కేకకి కిందినుంచి అత్తగారు, ఆవిడ వెనకే భర్త వచ్చారు. అక్కడినుంచి మెమరీ మాట ఎవరికీ గుర్తులేదు. బావగారు చిన్నప్పుడు తమ్ముణ్ణి స్కూలుకి మోసుకెళ్ళడం, చదువుకున్న కోడళ్ళ నోటి దురుసు, ఇంటి పరువు, అన్నీ వరసగా వచ్చి వెళ్ళాయి. ఆ రాత్రి బావగారు అన్నం దగ్గరికి రాలేదు. ఇంట్లో దొంగ దొరికినప్పటికంటే ఎక్కువ విషాదం అలుముకుంది.

సోమవారం ఆఫీసుకి వెళ్తూ భర్త చెప్పుల దగ్గర ఆగాడు. “ఒక్క సారీ చెప్పెయ్. అన్నయ్యది వెన్నలాంటి మనసు, వెంటనే ఇచ్చేస్తాడు.”

“నా వస్తువు నాకివ్వడానికా?”

“నీకు పని కావాలా, పంతం కావాలా?”

అడగవలసిన ప్రశ్నే. అడగవలసిన మనిషి మాత్రం అతను కాదు. అతను వెళ్ళాక ఆమె పాఠాన్ని ముక్కలు చేసి చూసింది, బొమ్మల్ని కుదించి చూసింది. అన్ని దారులూ ఆ గుండె బొమ్మ దగ్గరే మూసుకుపోతున్నాయి. మధ్యాహ్నం దాటింది. ఇంకో రోజు గడువిమ్మని సంస్థకి ఫోను చేస్తే, అక్కడి ఎడిటరమ్మ నెమ్మదిగానే చెప్పింది. “వరసలో ఇంకా ఇద్దరున్నారండీ. సాయంత్రం దాకా చూస్తాను.”

చిన్నకోడలు మేడ ఎక్కింది.

“తప్పు నాదే బావగారూ.”

తప్పని తెలిసినా రచయిత పట్టుబట్టాడు కదా అని ప్రూఫులో దిద్దకుండా వదిలేసే అక్షరం ఉంటుంది చూడండి, ఆ మాటని ఆమె అలా వదిలేసింది.

బావగారి ముఖం వికసించింది. “పోనీలేమ్మా, చిన్నదానివి. నేను మనసులో పెట్టుకోను.” లేచి, స్వయంగా మూత విప్పి, నల్లముక్క తీసి, బహుమతి ప్రదానంలా రెండు చేతులతో అందించారు. “టక్కుమనేదాకా నొక్కాలి, జాగ్రత్త.”

మెట్లదాకా వెంట వచ్చిన తోడికోడలు గొంతు తగ్గించి, “నా కుట్టుమిషను మోటారు ఆయన ఏదో పంపుకి బిగించారు. ఆరోజునుంచీ నేను కుట్టనేలేదు,” అంది.

“అడగలేదా అక్కా?”

“అడిగితే ఏమవుతుందో నిన్న చూశాగా,” అని లోపలికి వెళ్ళిపోయింది.

కవలలు రెండూ పక్కపక్కన కూర్చోగానే యంత్రం నోరెత్తకుండా పనిచేసింది. గుండె గదులు, కవాటాలు, ఎర్ర గీతలు, నీలం గీతలు, అన్నీ వాటి వాటి చోట్లలో పడ్డాయి. దీపాలు పెట్టే వేళకి పాఠం పంపించింది. మర్నాడు జవాబొచ్చింది. సైన్సు పుస్తకాలన్నీ ఆమెకే.

“పెద్దవాడు చెయ్యి వేశాడు కాబట్టే నడిచింది,” అని అత్తగారు ఫోన్లలో చుట్టాలందరికీ చెప్పారు. చిన్నకోడలు దిద్దలేదు. ఇంట్లో ప్రూఫులు దిద్దితే కూలి గిట్టదని ఆమెకి ఎప్పుడో తెలుసు.

కంప్యూటరు పెట్టె వెనక, మూత అంచున ఓ చిన్న ఇనప రింగు ఉంటుంది. అదెందుకో ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ వారంలోనే ఆమె తన సూట్‌కేసుకున్న బుల్లి తాళం తీసి దానికి వేసింది. ముందుగా చూసింది అత్తగారే.

“ఇంట్లోవాళ్ళకి తాళమా?”

“బయటివాళ్ళెవరూ రాలేదు కదండీ అత్తయ్యా,” అంది చిన్నకోడలు.

సాయంత్రానికి కబురు మేడమీదికి చేరింది, మేడమీదినుంచి తమ్ముడి ద్వారా మళ్ళీ కిందికి దిగింది. అతను పెట్టె వెనక్కి వంగి ఆ తాళాన్ని చూసి, వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

“తాళంచెవి ఎక్కడ పెట్టావు?”

ఆమె ఊపిరితిత్తుల బొమ్మని గీతకి సరిగ్గా ఆనేలా జరుపుతోంది.

“నన్ను కూడా నమ్మవా?”

“కొంచెం పక్కకి జరుగుతారా?” అందామె, తల తిప్పకుండానే. “మీ నీడ తెరమీద పడుతోంది.”