కిరాయి ఇంట్లో మూడు రోజులు

గొంతులో గొట్టం దించి మిషను మీద పెడితే ఇంకో పది రోజులు ఉంటాడని సూర్యాపేట దవాఖానలో డాక్టరు చెప్పాడు. పిచ్చయ్య వద్దని చెయ్యి ఊపాడు. ముప్పై ఏళ్లు మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు మోసి, తవుడు దుమ్ము మింగి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. మాట తక్కువ, మొండితనం ఎక్కువ.

"మనింటికి తీస్కపో, రాములూ. నీ చేతుల్లనే పోత," అన్నాడు.

పెళ్లాం రాములమ్మ సరేనంది. అనేసిందే గాని, ఇల్లు తమదైతే కదా! ఓనరు ఆండాళు చెడ్డదేం కాదు. పద్దెనిమిదేళ్లుగా ఏ పండక్కీ వీళ్లకు పెట్టకుండా పిండివంట ముట్టలేదు. కాని చెడ్డ నక్షత్రంలో ప్రాణం పోతే ఆర్నెల్లు ఇల్లు మూసెయ్యాలని ఆమెకు దడ. పోయినేడు పక్క వాటాలో ముసలమ్మను కొన ఊపిరితో ఉండగానే గేటు అవతల మంచమేసి పడుకోబెట్టించింది. రాములమ్మ అది కళ్లారా చూసింది.

అందుకే అబద్ధమాడింది. నయమైందని ఇంటికి పంపించారని ఆండాళుకు చెప్పింది. అసలు సంగతి కోదాడలో ఆటో నడిపే తమ్ముడు నాగేష్ ఒక్కడికే తెలుసు. పోయాక తమ ఊరు నడిగూడెం తీసుకుపోదామని ఇద్దరూ ముందే అనుకున్నారు.

ఆండాళు బత్తాయిలు పట్టుకుని చూడ్డానికొచ్చింది. పిచ్చయ్య ఉన్న సత్తువంతా కూడగట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుని నవ్వాడు. ఆమె అటు పోగానే ఊపిరందక అరగంట ఎగపోశాడు.

మూడోనాడు పొద్దున జావ తాగిస్తుంటే రెండో చెంచా పెదవి చివరనుంచి కారిపోయింది. రాములమ్మ ఒళ్లోనే పోయాడు. అడిగింది దొరికింది మహారాజుకు.

ఏడుపు గొంతుదాకా వచ్చింది. వాకిట్లో ఆండాళు చీపురు చప్పుడు. రాములమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తమ్ముడికి ఫోన్ చేసి రమ్మంది, అంతే. గంటన్నర పట్టింది ఆటో రావడానికి. ఆలోగా మొగుడి కళ్లు మూసింది. దవడ జారకుండా, చలికి చుట్టినట్టు మఫ్లర్ బిగించి కట్టింది. తర్వాత అతని పాదాలు పట్టుకుని కూర్చుంది.

అక్కాతమ్ముళ్లు చెరో రెక్కా పట్టుకుని బయటికి తెస్తుంటే ఆండాళు ఎదురొచ్చింది. రాములమ్మ ఆమె వైపు చూడకుండా మొగుడి చెవి దగ్గర నోరు పెట్టింది.

"జర ఓర్సుకో. దవాఖానకే పోతున్నం. పొద్దూకంగనే ఇంటికొద్దం."

ఆండాళు గబగబా గేటు తీసి పట్టుకుంది. జల్ది నయమై రమ్మని పిచ్చయ్యకు చెప్పింది కూడా.

ఆటో సందు దాటి, మిల్లులు దాటి, కోదాడ రోడ్డెక్కింది. నాగేష్ వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"ఇగ ఏడువు, అక్కా."