బైబిలు సంచీ

కంపెనీ లాప్‌టాప్‌ని దేంట్లో పెట్టుకెళ్ళాలన్న దిగులుతో జాన్ బాబుకి వారంగా అన్నం సయించడం లేదు.

పరవాడలోని ఒక మందుల కంపెనీలో, లేబ్‌లో, అతనికి పని. పరీక్షల ఫలితాలు హైదరాబాదు హెడ్డాఫీసులో చూపించి రమ్మని మొదటిసారి అతన్ని పంపుతున్నారు. లాప్‌టాప్ ఇచ్చారు గాని, దాని బేగు జిప్పు పాడైతే ఎప్పుడో పారేశారట. బేగు నువ్వే చూసుకో, మిషను మాత్రం జాగ్రత్త అన్నాడు మేనేజరు. కిందటేడు వెంకటరమణ అనే అతను రైల్లో కునుకు తీసి లాప్‌టాప్ పోగొట్టుకున్నాడు. ఉద్యోగం పోయింది. కంపెనీ బస్సులో అతను కూర్చునే కిటికీ సీటు ఖాళీగా ఉన్నా జాన్ బాబు అందులో కూర్చునేవాడు కాదు.

అనకాపల్లి మెయిన్‌రోడ్డులో తాతబ్బాయి కొట్లో రెండు బేగులు చూశాడు. ఒకటి నల్లది, భుజానికి పక్కగా వేలాడేది. ఆఫీసరుకి తగినట్టే ఉంది గాని, లోపలేముందో చూసిన ప్రతివాడికీ తెలిసిపోతుంది.

"దొంగని పేరెట్టి పిలిచినట్టే బావా" అన్నాడు కూడా వచ్చిన స్నేహితుడు త్రినాథ్.

రెండోది వీపుకి తగిలించుకునేది. వెనకనుంచి ఎవడైనా జిప్పు లాగితే తెలిసేదెలా అన్నాడు జాన్ బాబు. అయితే ముందుకి తగిలించుకో, కోతిపిల్లలా పొట్టకి అంటుకునుంటాది అన్నాడు త్రినాథ్. తాతబ్బాయి నవ్వాడు. జాన్ బాబుకి నవ్వు రాలేదు. రెండూ మార్చి మార్చి తగిలించి చూసి, మళ్ళీ వస్తానని చెప్పి వచ్చేశాడు.

ప్రయాణం ముందురోజు ఆదివారం. చర్చినుంచి వస్తూ భార్య రోజలిన్ చేతిలో సంచీ చూసి ఆగిపోయాడు. లోపల స్పాంజి వేసి, మందపాటి గుడ్డతో కుట్టిన పెద్ద బైబిలు సంచీ. పైన తెల్లదారంతో సిలువ. ఇంటికొచ్చి లాప్‌టాప్ పెట్టి చూస్తే కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. ఇక బైబిలుకి చోటు లేదు. కానీ సిలువున్న సంచీ మీద ఏ దొంగ కన్నేస్తాడు?

రోజలిన్ బైబిల్ని తువ్వాల్లో చుట్టి బల్లమీద పెట్టింది. మెల్లగా అడిగింది.

"చూసినోళ్ళకి అబద్ధం చెప్పినట్టు కాదేటండీ?"

"నోటితో ఏం చెప్పట్లేదు కదా" అన్నాడతను. ఆ జవాబు అతనికే నచ్చలేదు.

మర్నాడు పగటి రైల్లో సంచీ ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు. తుని దాటింది, రాజమండ్రి దాటింది. టీ తాగలేదు. బాత్రూముకి వెళ్ళాల్సొచ్చినా బిగబట్టుకున్నాడు. పక్కనుంచి ఎవరు నడిచినా చేతులు సంచీమీద బిగుసుకునేవి.

పక్కసీటు ముసలావిడ చాలాసేపటినుంచి ఆ సిలువకేసే చూస్తోంది. పేరు దేముడమ్మట, రోలుగుంట దగ్గర ఊరట. కూతురికి ఆవేళ బెజవాడ ఆసుపత్రిలో ఆపరేషనట. తనకి చదువు రాదు, ఓ కీర్తన చదివి పెట్టమంది. జాన్ బాబు సంచీ విప్పలేదు. కంఠతా వచ్చిన కీర్తన ఒకటి కళ్ళు మూసుకుని అప్పజెప్పేశాడు. ఆవిడ తలూపుతూ విని, చెయ్యి చాపింది.

"ఓపాలి బైబిలు బయటికి తియ్యి నాయనా. దానిమీద సెయ్యేసి పార్దన సేసుకుంటాను."

చుట్టుపక్కలవాళ్ళు ఇటే చూస్తున్నారు. సంచీ మీదే చెయ్యి వెయ్యమంటే ఆవిడ వేస్తుంది. దేవుడు ఆవిడ మొర వినడా? వింటాడు. మరి అబద్ధమాడిన తన మొర?

"ఇందులో బైబిలు లేదమ్మా" అన్నాడు. "కంపెనీ కంప్యూటరుంది. దొంగల భయానికి ఇలా పెట్టాను."

ఎదుటి సీటాయన పేపరు దించి సంచీకేసి చూశాడు. అంతే, ఇక రైలుపెట్టెలో అందరికీ తెలిసిపోయింది. దేముడమ్మ మాత్రం కోప్పడలేదు.

"అందుకేటి పొద్దున్నుంచీ లెగలేదు? ఇలాగియ్యి. నువ్వెళ్ళిరా."

ఎలా ఇవ్వడం? ఎరగని మనిషి. తన గురించి మాత్రం ఆవిడకేం తెలుసని కూతురి సంగతి చెప్పుకుంది? సంచీ ఆవిడ ఒళ్ళో పెట్టి లేచాడు.

బాత్రూములో ఉండగా రైలు ఆగింది. ఏ స్టేషనో తెలీదు. చేతులైనా కడుక్కోకుండా, దిగేవాళ్ళనీ ఎక్కేవాళ్ళనీ తోసుకుంటూ వచ్చాడు.

దేముడమ్మ సీట్లోనే ఉంది. లోపలేముందో తెలిసి కూడా సంచీ మీద రెండు చేతులూ వేసి, కళ్ళు మూసుకుని, కూతురి పేరు పదే పదే చెబుతోంది. రైలు కదిలింది. ఆవిడ ఆమెన్ అనేదాకా జాన్ బాబు నడవలోనే నిలబడ్డాడు.