ఎముకలు తినేవి

మూడోనాడు ఎముకలు ఏరడానికి పోతే, మొగుడు బాలనర్సింహ చితిలో అనంతమ్మకు చిన్న మట్టి గురిగి నిండా కూడా దొరకలేదు. పట్టుకున్నది పట్టుకున్నట్టే పిండి అయింది. "ఒంట్ల కణాలే బొక్కల్ని తింటున్నయి" అని పెద్ద దవాఖాన డాక్టరు ముందే చెప్పాడు. నాలుగేళ్లయినా ఆ పిండి ఆమె వేళ్లను వదల్లేదు.

ఇప్పుడామె ఇబ్రహీంపట్నంలోని ఒక కాలేజీ ల్యాబులో ఊడుస్తుంది, సీసాలు కడుగుతుంది. అక్కడ పరిశోధన చేసే ఉజ్వల, ఎలుక మూలుగ నుంచి ఎముకలు తినే కణాలను పుట్టించాలని వెచ్చటి పెట్టెలో పెడుతోంది. అవి పుడితేనే, వాటిని ఆపే మందును పరీక్షించగలదు. మూడుసార్లు పెట్టింది. ఒక్కటీ పుట్టలేదు.

"కణాలకు పోసే సీరం మార్చిన, కణాల లెక్క మార్చిన. ఈసారి గూడ కాకుంటే మా గైడు సారు నా పని బంద్ చేస్తడు పెద్దమ్మా" అని దిగులుపడేది.

ఒకరోజు పెట్టె రికార్డు తీసి చూసింది. "రోజూ పొద్దుగాల ఏడింటికి పావుగంట తలుపు తెరిచి ఉంటుంది. ఎవరు తీస్తున్నరు?"

అనంతమ్మ చీపురు కింద పెట్టింది. "నేనే బిడ్డా."

"ఎందుకే పెద్దమ్మా?"

"నా మొగుణ్ని తిన్నోళ్ల మొకం చూద్దామని. నాలుగు తిట్లు తిడదామని."

ఉజ్వల నవ్వబోయి ఆగింది. "తిట్లకు చావయి గని, తలుపు తీస్తే లోపలి గ్యాసు పోతది. కణాలుండే డిష్షుల నీళ్లకు పులుపు తగ్గుతది. ఎర్రగుండేటివి నేరేడు రంగుకు తిరిగినయి, చూడలేదా? గట్లయితే అవి పుట్టయి."

"పుట్టకుంటే మంచిదే గద!"

"ఈడ పుట్టకుంటే మందెట్ల దొరుకుతది? మనుషుల ఒంట్ల పుట్టుడు ఆగిందా?"

అనంతమ్మ చీపురు అందుకుంది.

ఉజ్వల మళ్లీ మొదలుపెట్టింది. అనంతమ్మ పెట్టెకు వీపు తిప్పి ఊడ్చేది. అయినా వెనక ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టే ఉండేది.

పదో రోజు ఉజ్వల ఆమెను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. ఒక్కో కణం అట్టులా పరుచుకుని ఉంది. దాని కడుపులో పది, పన్నెండు గింజలు. వాటికి తినడానికి వేసిన ఎముక ముక్క మీంచి కణాలను తుడిచేస్తే, గుంతలే గుంతలు. బాలనర్సింహ ఎక్స్‌రేలో ఇవే గుంతలు చూసింది.

"పుట్టినయి పెద్దమ్మా!" ఉజ్వల కళ్లు తుడుచుకుంది. మిగిలిన డిష్షుల్లో సగానికి మందు వేసి లోపల పెట్టింది. "తలుపు నువ్వే మూయి."

అనంతమ్మ మూసింది. చెవి ఆనించింది. మందు పడనివి లోపల తింటూనే ఉండాలి. చప్పుడు మాత్రం లేదు.

ముప్పై ఏళ్లు అతని పక్కనే పడుకుంది. అప్పుడూ ఏమీ వినబడలేదు.