సిలువ మీది తేదీ

మా అబ్బాయి గాస్పర్‌ని సైనికులు మొక్కజొన్న చేలోంచి తీసుకుపోయారు. మళ్ళీ కనబడలేదు. ఐదేళ్ళు వెతికాం. శవం లేదు కనుక వాడి చొక్కా పాతిపెట్టి సిలువ నాటాం. సిలువ లేనివాడి ప్రాణం దారుల్లో తిరుగుతుందని మా కొండల్లో నమ్మకం. పేరు రాయడానికి వచ్చినవాడు చనిపోయిన తేదీ కూడా ఉండాలన్నాడు. నాకు తెలిసింది ఒక్కటే, వాణ్ణి తీసుకుపోయిన రోజు. అదే చెప్పాను.

ముప్పై ఏళ్ళకు ఆ సిలువ ఫోటో, వాడికోసం మేము కేసు వేసిన పరదేశపు మానవ హక్కుల కోర్టులో పడింది. పెట్టింది మా ప్రభుత్వమే.

మా లాయరు ఇర్మా కాగితాలు పట్టుకుని ఊరికి వచ్చింది.

"తాతా, మన దేశం ఈ కోర్టు అధికారానికి ఒప్పుకున్నది ఎనభై ఏడులో. అంతకుముందే ముగిసిపోయిన నేరాన్ని వాళ్ళు ముట్టుకోరు. మనిషి ఏమయ్యాడో తెలియనంతకాలం నేరం ఇంకా నడుస్తున్నట్టే. మన కేసు దానిమీదే నిలబడింది. ఇప్పుడు వాళ్ళేమంటున్నారంటే, ఎనభై రెండులోనే చనిపోయాడని సిలువ మీద తండ్రే రాయించాడు కదా, ఇంకేం విచారణ అని."

నా భార్య నికొలాసా పెనం మీంచి తల ఎత్తలేదు.

"రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ ఈయన. ఆ రోజు మాత్రం నోరు తెరిచాడు చూడు."

"సిలువ పీకేస్తాను," అన్నాను.

"పీకితే ఫోటో చెరిగిపోతుందా తాతా?" అంది ఇర్మా.

"ముట్టుకో చూద్దాం, చెయ్యి విరగ్గొడతాను," అంది నికొలాసా.

చనిపోయాడంటే కోర్టు తలుపు మూసేస్తుంది. బతికున్నాడంటే అబద్ధం. తెలియదంటే, ఇన్నేళ్ళూ నికొలాసా ఏడ్చింది ఎవరి దగ్గర?

విచారణకు విమానంలో వెళ్ళాం. ప్రభుత్వ లాయరు మర్యాదగానే ఫోటో చూపించాడు.

"ఇది మీ అబ్బాయి సమాధేనా?"

"అవునండీ."

"అయితే చనిపోయాడని మీకు తెలుసు."

"అందులో చొక్కా ఉందండీ. మనిషి ఎక్కడున్నాడో మీవాళ్ళు చెప్పాలి."

ఆయన కూర్చున్నాడు. కేసు తమ పరిధిలోకి వస్తుందో రాదో రాసి పంపుతామన్నారు జడ్జీలు. ఏడాది పట్టవచ్చట.

బయటికి వచ్చాక నికొలాసా ఇర్మా చెయ్యి పట్టుకుంది.

"వచ్చే నెల పెద్దల పండుగ. వాడి సిలువ దగ్గర, మొక్కజొన్న పిండి ఆకుల్లో చుట్టి ఉడికించి తమాలెలు పెట్టుకోవచ్చా అమ్మా?"

ఇర్మా ఫైలు సంచిలో పెట్టుకుంది.

"వద్దని ఎలా అంటాను అవ్వా. ఇంకో ఫోటో మాత్రం వాళ్ళ చేతిలో పడనివ్వకండి."

పండుగనాడు ఊరంతా శ్మశానంలోనే ఉంటుంది. అందరి చేతుల్లోనూ ఫోన్లు.

ఆ ఏడు మేము వెళ్ళలేదు. కోర్టు ఉత్తరం ఇంకా రాలేదు.