భుజం నుంచి గీసిన గీత

"దుప్పటి పిండమంటే సెయ్యి రాదంటావు. బొమ్మలెయ్యడానికి ఏ సెయ్యొత్తాదే నీకు?"

నానిన దుప్పటిని మోచేతులతో బకెట్లో అదుముతున్నాను. మా ఆయన సన్యాసిరాజు గుమ్మంలో నిలబడి నవ్వుతూనే అడిగాడు. ఆ నవ్వు ఎప్పుడు దెబ్బగా మారుతుందో ఇన్నేళ్ల కాపురంలో నాకు ఒక్కసారీ ముందుగా తెలియలేదు.

ముప్పై దాటగానే కీళ్లవాతం వచ్చి నా వేళ్లు వంకర తిరిగాయి. పొద్దున్న లేస్తే పిడికిలి తెరుచుకోదు. వేడినీళ్లలో పెట్టి ఒక్కో వేలూ విప్పుకుంటే గానీ స్టవ్ వెలిగించలేను. ఆ చేతులతోనే ఆయన స్టీల్‌ప్లాంట్ డ్యూటీకి క్యారేజీ కట్టాలి, మా అత్తగారు జోగమ్మ కాళ్లకి నూనె రాయాలి, గిన్నెలు తోమాలి. అవన్నీ చేస్తున్నంతసేపూ నా చేతులు బాగున్నట్టే లెక్క. కుంచె పట్టుకున్నప్పుడే ఇంట్లో అందరికీ నా జబ్బు గుర్తొస్తుంది. "కాపరం సేసుకునే ఆడదానికి రంగులేటే, సిన్నపిల్లలాగ" అంటుంది అత్తగారు.

ఒకప్పుడు వెంట్రుకంత సన్నటి గీత గీసేదాన్ని. వేళ్లతో పాటు ఆ గీతా పోయింది. చాలా కాలం కుంచె ముట్టలేదు. ఒక మధ్యాహ్నం మేడ మీద, గోడకి సున్నం కొట్టే కుంచె ఒకటి కనిపించింది. దాని పిడికి పాత గుడ్డలు చుట్టి, లావు చేసి, రెండు అరచేతుల మధ్య ఇరికించుకున్నాను. వేళ్లతో కాదు, భుజంతో లాగాను. ప్లైవుడ్ చెక్క మీద అడ్డంగా ఒక నల్లటి గీత పడింది. అంత కోపంగా ఉన్న గీత నా చేతి నుంచి ఎప్పుడూ రాలేదు. నాలో అంత కోపముందని నాకే తెలియదు.

ఆ గీతతో పోతమ్మ బొమ్మ మొదలుపెట్టాను. పోతమ్మ ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు కోస్తుంది. వంజరం మెడని కత్తిపీటకి ఆనించి ఒక్క తోపుతో తెంచేస్తుంది. మోచేతుల దాకా నెత్తురు. బీచ్ రోడ్డులో బొమ్మల ప్రదర్శన పెడుతున్న జ్యోతిర్మయి గారు, నేను సగం వేసి పంపిన బొమ్మ ఫొటో చూసి ఫోన్ చేశారు. "గౌరీశ్వరి గారూ, పూర్తి చెయ్యండి. హాలు మధ్యలో పెడతాం" అన్నారు. సరేనన్నాను.

ఆ సాయంత్రమే మా ఆయన మేడగదిలోకి వచ్చాడు.

"ఎవుర్నడిగి ఒప్పుకున్నావ్?"

"నా బొమ్మే గదా. ఎవుర్నడగాలి?"

నా కుడిచెయ్యి పట్టుకుని ద్వారబంధానికి ఆనించాడు. ఊగిపోలేదు, అరవలేదు. మేకు కొట్టేముందు చెక్కను సరిచూసుకునేవాడిలా నా వేళ్లను సర్దాడు. ఇనప తలుపు వేశాడు. ఎండుపుల్లలు విరిగిన చప్పుడు నా చేతిలోంచే వచ్చింది. తెరిచి, మళ్లీ వేశాడు.

"ఇప్పుడెయ్యి."

ఆస్పత్రిలో డాక్టరు ఎలా జరిగిందని అడిగాడు. "గాలికి తలుపడిపోనాది బాబూ" అంది అత్తగారు. డాక్టరు నా వైపు చూశాడు. నేను తల ఊపాను. వేళ్ల నొప్పికి మాత్రలిచ్చారు. అలా తల ఊపినందుకు నాలో మొదలైన నొప్పికి ఏ మందూ లేదు.

మోచేతి దాకా సిమెంటు కట్టు వేశారు. "ఎడం సెయ్యి ఉంది గదేటి" అంది అత్తగారు. ఎడంచేత్తోనే వండాను. ఆయన తల వంచుకుని అన్నం తింటుంటే ఆ మెడ కేసి చూస్తూ నిలబడేదాన్ని. పోతమ్మ కత్తిపీట మీద ఆ మెడ ఎలా ఉంటుందో ఊహించుకునేదాన్ని. భయం వేసేది కాదు, ఆకలి వేసినట్టుండేది. ఆ ఆకలిని ఎక్కడో ఒకచోట పెట్టకపోతే ఏదో ఒక రోజు నిజంగా కత్తే తీస్తానని తెలుసు. ఆయన డ్యూటీకి పోగానే మేడెక్కి, పళ్లతో ముడి లాగి, కుంచెను కట్టు మీదే కట్టుకుని వేశాను. గీసిన ప్రతిసారీ నొప్పి చంక దాకా పాకేది. పాకనిచ్చాను. ఎరుపు మీద ఎరుపు పోశాను.

ఒకరోజు ఆయన మధ్యాహ్నమే వచ్చేశాడు. కొబ్బరికాయలు కొట్టే కత్తి పట్టుకుని మెట్లెక్కాడు.

"ఇంకా బుద్ది రానేదేటే నీకు? తప్పుకో, ముక్కలు సేసేత్తాను."

నేను తప్పుకోలేదు. జుట్టు పట్టి ఈడ్చాడు. కత్తి లేచింది. బొమ్మ మీదకో, నా మీదకో చూడలేదు. భుజంలో ఉన్న బలమంతా పెట్టి, కట్టు ఉన్న చేతిని అతని మొహం మీదకి విసిరాను. ముక్కెముక విరిగిన చప్పుడు వినిపించింది. కత్తి జారి మెట్ల మీద దొర్లింది. అతను మోకాళ్ల మీద కూలబడి "అమ్మా" అని ఏడ్చాడు. అప్పట్నుంచి అతణ్ని ఆయన అనడం నాకు చేతకావడం లేదు.

అత్తగారు రొప్పుతూ పైకొచ్చింది.

"ఓలమ్మో! మొగుణ్ని కొట్టీసినావేటే?"

"కొట్టినాను. ఆడు నా సెయ్యి ఇరగ్గొడితే గాలన్నావు గదత్తా. దీన్ని కూడా గాలే అనుకో."

ఆమె కొంగుతో కొడుకు ముక్కు నొక్కిపట్టి నా కేసి చూసింది. ఆ చూపులో ఏముందో ఆగి చూడలేదు. కట్టు నిలువునా పగిలింది. లోపల వేళ్లు మళ్లీ విరిగినట్టున్నాయి. కుంచెను ఎరుపులో ముంచి, చేప మెడ దగ్గర మిగిలిపోయిన గీతను పైనుంచి కిందకి ఒక్క లాగు లాగాను. బొమ్మ పూర్తయింది.

చెక్కను ఒంటికి ఆనించుకుని మెట్లు దిగాను. తడి ఎరుపు చీరంతా అంటింది. గాజువాక రోడ్డు మీద ఆటో ఆపితే డ్రైవరు నన్ను చూసి హడలిపోయాడు.

"నెత్తురేటమ్మా! ఆస్పత్రికా?"

"కొంత నెత్తురు, కొంత రంగు. ముందు పోలీసు టేసన్‌కి పోనీ బాబూ. అక్కణ్నుంచి బీచ్ రోడ్డుకి. గోతులు కాడ మెల్లగా పోనీ, బొమ్మ ఇంకా ఆరనేదు."