మౌసు మీద ఆయన చెయ్యి

"ఏమ్మే, నాలుగు ఎర్రగడ్డలు తరిగేదానికి ఇంతసేపా? ముందు ఆ డబ్బా మూసిపెట్టు" అనింది మా అత్త బయమ్మ.

ఆ డబ్బా అంటే నా ల్యాప్‌టాప్. వంటింటి గట్టు మీద, మిక్సీ పక్కన ఉంటాది. దాంట్లో కనపడేది కర్టెను అవతల, మా ముందర గదిలోని షాపు కంప్యూటరు. కౌంటర్లో మా ఆయన దివాకర్ కూర్చుంటాడు. ఎవరన్నా చెడిపోయిన డిస్కు తెస్తే వైరు పెట్టి, మౌసు మీద చెయ్యి వేసి, సీరియస్‌గా మొహం పెడతాడు. లోపల్నుంచి రిమోట్‌లో రిపేరు చేసేది నేను. ఒక్కోసారి స్క్రీను మీద నేను బాణాన్ని ఎడమకు జరిపితే ఆయన చెయ్యి కుడికి పోతాది. అయినా ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. అందరూ సారు మొహమే చూస్తారు గదా.

ఈ ఏర్పాటు ఎవరు చేసినారంటే, నేనే. పెండ్లైన కొత్తలో ఒక వారం కౌంటర్లో కూర్చున్నా. మా మామకు కార్పొరేటర్ టికెట్ మీద ఆశ. "మన కోడలు రోడ్డు మొగాన కూర్చోని మెకానిక్ పని చేస్తాంటే నాకు ఓట్లు యాడ పడతాయప్పా?" అన్నాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా. మరుసటి రోజే రిమోట్ పెట్టినా. గొడవ లేకుండా సమస్య తీర్చినానని, ఎంసీఏ చదివిన తెలివి ఇదే అని, లోపల్లోపల పొంగిపోయినా గూడా. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళంతా జెర్రులు పాకినట్ల ఉంటాది.

ఈ పొద్దు ఎర్రగడ్డలు తరుగుతాంటే షాపులోంచి ఒక గొంతు వినపడింది. "అన్నా, ఈ డిస్కు తెరుచుకోవడం లేదు. ఫైల్ కరప్ట్ అయిందంటాది."

కత్తి ఆగిపోయింది. జయంతి. డిగ్రీలో మూడేండ్లు ల్యాబ్‌లో నా పక్క కుర్చీ. వజ్రకరూరు పక్కన పల్లె, వాళ్ళ నాయన గొర్రెలు కాసేటాయన. ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తాందంట. కరువుకు ఊర్లిడిసి వలస పోయొచ్చిన ఆడోళ్ళ మాటలన్నీ రికార్డు చేసిందంట. "ఇంకో కాపీ లేదన్నా, అంతా దీంట్లోనే ఉండాది" అంటాంది.

కర్టెను జరిపి "ఏమే జయంతీ" అంటే అయిపోయేది. నైటీలో ఉండా, చేతులు ఎర్రగడ్డల వాసన అని నాకు నేనే చెప్పుకున్నా. అసలు సంగతి అది కాదు. "ఇప్పుడేం చేస్తాండావు?" అని అడుగుతుంది గదా. ఏం చెప్పాల?

పని మొదలుపెట్టినా. డిస్కు చచ్చేదానికి రెడీగా ఉన్నప్పుడు దాని మీద చెయ్యి వెయ్యకూడదు. మొదట ఉన్నదున్నట్ల కాపీ తీసుకోవాల, ఏం చేసినా ఆ కాపీ మీదనే చెయ్యాల. రిపేరు కమాండు కొడితే అది పైపైన సర్దుతాది. సర్దేటప్పుడు దానికి అర్థం కానిదంతా చించి ఒక మూల పారేస్తాది. కాపీ మెల్లిగా పోతాంది.

అంతలో మామ కోసం జనం వచ్చినారు. "ఉగ్గాని కలుపు, నేను బజ్జీలేస్తా" అని అత్త తొందరపెట్టింది. బొరుగులు నానబెట్టి పిండి, తిరగమోత పెట్టి, ప్లేట్లన్నీ అందించి వచ్చి చూస్తే కాపీ విండో లేదు. నల్ల స్క్రీను మీద రిపేరు కమాండు పరిగెత్తుతాంది.

"ఏం చేసినావు?" అని దివాకర్‌కు మెసేజ్ పెట్టినా.

"ఏమీ కదలడం లేదేంటన్నా అని ఆయమ్మ అడిగింది. ఊరికే కూర్చుంటే ఏమనుకుంటాది? నువ్వు రాసిచ్చిన కమాండే కొట్టినా."

అది పెన్‌డ్రైవులకని రాసిచ్చినా. ఆపేలోపలే అయిపోయింది. ఫోల్డర్లు లేవు, పేర్లు లేవు. అన్నీ ఒకే చోట నంబర్లేసుకొని కుప్ప పడినాయి. కొన్నిట్లో ఏమీ లేదు, సున్నా.

"ఏమైందన్నా?" అని జయంతి అడుగుతాంది.

దివాకర్ మెసేజ్ వచ్చింది. "ఏం చెప్పాల?"

రోజూ అంతే. ఆయన అడుగుతాడు, నేను రాస్తా, ఆయన చదువుతాడు. నా పసుపు వేళ్ళు నాకంటే ముందే కొట్టేసినాయి. "డిస్కు పాతది. ఎజెక్ట్ చెయ్యకుండా పీకినారు, అందుకే పోయింది."

కర్టెను అవతల నా మాట ఆయన గొంతులో, అక్షరం పొల్లుపోకుండా వినపడింది. ఎంత నమ్మకంగా చెప్పినాడో.

"అవునన్నా. బస్సు పోతాదని ఒకసారి పీకేసినా. నా తప్పే" అనింది జయంతి. ఆనక ముక్కు చీది, "డిగ్రీలో నా ఫ్రెండు ఒకామె ఉండేది. పీకే ముందర ఎజెక్ట్ కొట్టుమే అని నెత్తి మీద మొట్టేది. ఆయమ్మ మాట వినింటే బాగుండు" అనింది.

నేను కర్టెను దగ్గరికి నడిచినా. "నైటీతో యాడికి పోతాండావే?" అని అత్త వెనక నుంచి అరుస్తాంది.

నన్ను చూసి జయంతి మొహం వెలిగిపోయింది. "ప్రియా! నువ్వు ఈడనా!" ఆ సంతోషం చూడలేకపోయినా.

"డిస్కు నువ్వు చెడగొట్టలేదు. కాపీ అవుతాంటే మేమే మధ్యలో ఆపేసి రిపేరు కొట్టినాం."

"ప్రియా, లోపలికి పో" అన్నాడు దివాకర్.

"మరి అన్న ఇందాక చెప్పింది?" అనింది జయంతి.

"అది నేను రాసిచ్చినా."

"లోపలుండి నా ఏడుపు వినుకుంటా రాసిచ్చినావా?"

తలూపినా. వెలిగిన మొహం ఆరిపోయింది. బ్యాగు భుజానికేసుకుంది, మళ్ళీ దించింది. "ఎంత వస్తాది?"

"తెలీదు. పేర్లు పోయినాయి. మిగిలినవాటిని ఒక్కొక్కటి తెరిచి వినాల. ఏది ఎవరిదో నువ్వే చెప్పాల."

"కూర్చుంటా. నీతో మాత్రం మాట్లాడను."

దివాకర్‌ను లెయ్యమన్నా. కస్టమర్ ముందర గొడవెందుకని లేసినాడు. మళ్ళీ మొదట్నుంచి కాపీ పెట్టినా. మధ్యాన్నం దాకా ఇద్దరం ఆ స్క్రీనునే చూస్తా కూర్చున్నాం. లోపల రెండో విడత టీ గ్లాసులు అత్త తన కొడుకుతోనే మోయించింది.

కాపీ అయ్యాక మొదటి రెండు ఫైళ్ళు తెరుచుకోలేదు. మూడోదాంట్లో దగ్గు వినపడింది. "ఆ ఏడు చెనిక్కాయ ఇత్తనం గూడా రాలేదు పాపా" అని ఒక ముసలి గొంతు.

"తిప్పమ్మవ్వ" అనింది జయంతి స్క్రీనుతో. నేను ఆ పేరు కొట్టినా.

అప్పుడే మామ తన జనాన్ని సాగనంపేదానికి షాపులోకి వచ్చినాడు. అందరూ ఆగినారు. మామ నా నైటీ చూసినాడు, కుర్చీ చూసినాడు. "ఏమ్మా, దివాకర్ యాడ? నువ్వేం చేస్తాండావు ఈడ?"

లేచి నిలబడాలని కాళ్ళు అనుకున్నాయి. నేను లెయ్యలేదు.

"ఈడ రిపేర్లు చేసేది మొదట్నుంచీ నేనే మామా" అన్నా. "ఈ పొద్దు ఈమెకు అబద్ధం చెప్పింది గూడా నేనే."

జయంతి నా వైపు చూడలేదు.

"తరవాతది తెరువు" అనింది.